వీర్యకణాల ఎంపిక పద్ధతులు

అండాన్ని ఫలదీకరించగల చురుకైన వీర్యకణాలను మిగతావాటి నుంచి వేరుచేసే ప్రయోగశాల ప్రక్రియలు. సంతాన సాఫల్య కేంద్రాల్లోనూ, పశువుల కృత్రిమ గర్భధారణలోనూ వాడతారు.

1677లో లీవెన్‌హుక్ వీర్యకణాలను సూక్ష్మదర్శినిలో చూశాడు. 18వ శతాబ్దం చివర్లో స్పల్లాంజాని కప్ప వీర్యాన్ని వడగట్టి, దిగిన ద్రవానికి ఫలదీకరణ శక్తి తగ్గిందని గమనించాడు. ఆ శక్తి కణాలదేనని మాత్రం ఆయన ఒప్పుకోలేదు. భారతదేశంలో 1939లో మైసూరు ప్యాలెస్ డెయిరీలో సంపత్ కుమారన్ ఆవులకు కృత్రిమ గర్భధారణ చేశారు.

1978లో తొలి టెస్ట్‌ట్యూబ్ శిశువు పుట్టాక ఎంపికకు ప్రాధాన్యం పెరిగింది. స్విమ్-అప్‌లో వీర్యంపై పోషక ద్రావణం పోసి వెచ్చగా ఉంచుతారు. చురుకైనవి పైకి ఈదుతాయి. రెండో పద్ధతిలో వీర్యాన్ని సిలికా ద్రావణపు పొరల మీద పోసి సెంట్రిఫ్యూజ్‌లో తిప్పుతారు. మంచి కణాలు అడుగుకు చేరతాయి. 1992లో బ్రస్సెల్స్‌లో పలెర్మో బృందం ప్రకటించిన ఇక్సీలో ఒక్క కణాన్నే అండంలోకి ఎక్కిస్తారు కాబట్టి, ఎంపిక భారం ఎంబ్రియాలజిస్టు కంటిమీద పడింది. హయలురోనన్ అనే పదార్థానికి అతుక్కునే కణాలను ఎంచే పద్ధతిని బ్రిటన్‌లో 2,772 జంటలపై పరీక్షించారు. 2019లో వెలువడిన ఆ అధ్యయనంలో ప్రసవాల రేటు చెప్పుకోదగ్గంతగా పెరగలేదు. గర్భస్రావాలు మాత్రం 7 నుంచి 4.3 శాతానికి తగ్గాయి.

హైదరాబాద్‌లోని పరిశోధన సంస్థ సీసీఎంబీ శాస్త్రవేత్తలు పురుషుల వంధ్యత్వానికి కారణమయ్యే వై క్రోమోజోము లోపాలను అధ్యయనం చేశారు. అలాంటి లోపం ఇక్సీతో పుట్టిన కొడుక్కీ సంక్రమిస్తుంది; ఏ ఎంపికా దాన్ని తప్పించలేదు.

ఆడ, మగ సంతానాన్నిచ్చే ఎక్స్, వై కణాలను విడదీసే లేజర్ పద్ధతిని 1989లో అమెరికా వ్యవసాయ శాఖకు చెందిన లారెన్స్ జాన్సన్ కుందేళ్లలో నిరూపించాడు. ఆబోతు వీర్యంలో ఎక్స్ కణంలోని డీఎన్ఏ వై కణంలోకంటే సుమారు 4 శాతం ఎక్కువ. రంగు అద్దితే ఆ తేడా వెలుగులో తెలుస్తుంది. మనుషుల విషయంలో ఇలాంటి లింగ ఎంపికను భారతదేశంలో 2003 సవరణతో చట్టం నిషేధించింది. విశాఖపట్నంలో సంతానం కోరే దంపతులకు జైలు శిక్ష దాకా తెచ్చిపెట్టే పని, ఆ ఊళ్లోనే ఘనీకృత వీర్య కేంద్రం నడిపే పశుగణాభివృద్ధి సంస్థ సేవలందించే పాడి రైతుకు మాత్రం ప్రభుత్వ రాయితీతో అందుతుంది. పెయ్యదూడలే కావాలన్న రైతు కోరిక అర్థమయ్యేదే.

మామూలు మోతాదులో సుమారు 2 కోట్ల కణాలుంటే, లింగ నిర్ధారిత వీర్యంలో దాదాపు 20 లక్షలే. చూలు నిలిచే అవకాశం తగ్గుతుంది గనుక, ఎద స్పష్టంగా తెలిసే ఆరోగ్యవంతమైన పెయ్యలకే దాన్ని ముందుగా సూచిస్తారు.