భారతదేశంలో ఇంధన పన్నులు, జీవ ఇంధన విధానం

భారతదేశంలో మోటారు ఇంధనంపై పన్ను 1917లో మొదలైంది. పెట్రోలులో ఆల్కహాల్ కలపడాన్ని చట్టం గుర్తించింది 1940లలో. చాలాకాలం ఈ రెంటికీ పెద్దగా సంబంధం లేదు. పన్ను ఖజానా అవసరాన్ని బట్టి పెరుగుతూ వచ్చింది, ఆల్కహాల్ మాత్రం చక్కెర పరిశ్రమ మిగులును బట్టి వచ్చిపోతూ ఉండేది. 2003 తర్వాత రెండూ ఒకే విధానంలో భాగమయ్యాయి. దేశానికి కావలసిన ముడి చమురులో ఎక్కువ భాగం దిగుమతి చేసుకోవలసి రావడం ఇందుకు ప్రధాన కారణం.

తొలి పన్నులు, రోడ్డు నిధి

మొదటి ప్రపంచ యుద్ధకాలంలో బ్రిటిష్ ప్రభుత్వం మోటార్ స్పిరిట్ సుంకాల చట్టాన్ని 1917లో చేసింది. అప్పటికి మోటారు బండ్లు కొద్దిమంది సంపన్నులకు, సైన్యానికి, పెద్ద ఉద్యోగులకు మాత్రమే ఉండేవి కనుక ఆ పన్ను సామాన్యుడిని తాకలేదు. లారీలు, బస్సులు పెరిగి, మట్టిరోడ్లు వాటి బరువుకు తట్టుకోలేకపోవడంతో పరిస్థితి మారింది. ఎం.ఆర్. జయకర్ అధ్యక్షతన 1927లో ఏర్పడిన రోడ్డు అభివృద్ధి సంఘం, రోడ్డును అరగదీసే వాహనమే దాని మరమ్మతుకు డబ్బు ఇవ్వాలని సూచించింది. ఆ సూచన ప్రకారం 1929లో పెట్రోలుపై గ్యాలన్‌కు రెండు అణాల అదనపు సుంకం విధించి, వచ్చిన సొమ్ముతో కేంద్ర రోడ్డు నిధిని నెలకొల్పారు. ఇంధన పన్నును ఒక నిర్దిష్ట ప్రయోజనానికి ముడిపెట్టిన ఈ ఏర్పాటు దూరదృష్టితో కూడినది. తర్వాతి కాలంలో వచ్చిన రోడ్డు సెస్సులన్నిటికీ మూలం ఇదే.

రాష్ట్రాల పన్ను హక్కు 1938లో తేలింది. 1935 భారత ప్రభుత్వ చట్టం ఎక్సైజ్ సుంకాలను కేంద్రానికి, వస్తువుల అమ్మకంపై పన్నును రాష్ట్రాలకు ఇచ్చింది. మధ్య పరగణాలు, బేరార్ రాష్ట్రం 1938లో ఒక చట్టం చేసి మోటార్ స్పిరిట్, కందెన నూనెల చిల్లర అమ్మకాలపై విలువలో ఐదు శాతం పన్ను వేసింది. అది పేరుకు అమ్మకపు పన్నే అయినా వాస్తవానికి ఎక్సైజ్ సుంకమేనని కేంద్రం అభ్యంతరం చెప్పింది. గవర్నర్ జనరల్ ఆ ప్రశ్నను అప్పుడే కొత్తగా ఏర్పడిన ఫెడరల్ కోర్టుకు నివేదించారు. ఆ కోర్టు ఇచ్చిన మొట్టమొదటి సలహా అభిప్రాయం ఇదే. ప్రధాన న్యాయమూర్తి మారిస్ గ్వయర్, న్యాయమూర్తులు సులైమాన్, జయకర్ ముగ్గురూ రాష్ట్రం చట్టం చెల్లుతుందని తేల్చారు. అంతకు పదేళ్ల ముందు పెట్రోలు సుంకంతో రోడ్లు వేయమన్న జయకరే, అదే పెట్రోలుపై రాష్ట్రాలూ పన్ను వేసుకోవచ్చని చెప్పిన ధర్మాసనంలో కూర్చోవడం గమనించదగినది.

దరిమిలా మద్రాసు రాష్ట్రం 1939లో మోటార్ స్పిరిట్ అమ్మకపు పన్ను చట్టం చేసింది. ఆంధ్ర జిల్లాలు అప్పుడు ఆ రాష్ట్రంలోనివే. మద్రాసు సాధారణ అమ్మకపు పన్ను చట్టంపై బొడ్డు పైడన్న అండ్ సన్స్ అనే నూనె తయారీ సంస్థ నడిపిన వ్యాజ్యంలో ఫెడరల్ కోర్టు 1942లో మరో అడుగు ముందుకు వేసింది. తయారీదారు చేసే తొలి అమ్మకంపై కూడా రాష్ట్రం పన్ను వేయవచ్చని చెప్పింది. వేరుశనగ నూనె, తెలకపిండి చుట్టూ నడిచిన ఆ వ్యాజ్యం రాష్ట్రాల పన్ను హక్కుకు గట్టి పునాది వేసింది. ఈనాడు బంకులో లీటరు ధరలో కనిపించే రెండు పొరల పన్నుకు, అంటే కేంద్ర ఎక్సైజ్, రాష్ట్ర వ్యాట్‌లకు, న్యాయపరమైన ఆధారం ఆ నాలుగేళ్లలోనే ఏర్పడింది.

పవర్ ఆల్కహాల్

1930లలో చక్కెర కర్మాగారాలు వేగంగా పెరగడంతో చక్కెర తీయగా మిగిలే మొలాసిస్ పెద్ద ఎత్తున పేరుకుపోయింది. దాన్ని పులియబెట్టి తీసిన ఆల్కహాల్‌ను పెట్రోలులో కలపాలన్న ఆలోచన అక్కడినుంచి వచ్చింది. సంయుక్త పరగణాలు 1940లో పవర్ ఆల్కహాల్ చట్టం చేశాయి. స్వతంత్ర భారత ప్రభుత్వం 1948లో దేశమంతటికీ భారత పవర్ ఆల్కహాల్ చట్టాన్ని తెచ్చింది. రసాయన పరిశ్రమకు, సారాయికి ఆల్కహాల్ గిరాకీ పెరిగాక మోటారుకు మిగిలేది తక్కువైంది. ఆ చట్టాన్ని 2000లో రద్దు చేశారు. మూడేళ్లకే పెట్రోలులో ఆల్కహాల్ కలిపే పనినే మళ్లీ మొదటినుంచి మొదలుపెట్టవలసి వచ్చింది.

నియంత్రిత ధరల కాలం

1950 తర్వాత ఇంధన ధరలు క్రమంగా ప్రభుత్వం చేతిలోకి వెళ్లాయి. 1974లో చేసిన ఒక చట్టంతో ముడి చమురుపై సెస్సు వచ్చింది. విశాఖపట్నంలో 1957లో వెలసిన కాల్టెక్స్ శుద్ధి కర్మాగారం జాతీయీకరణ తర్వాత 1978లో హిందుస్థాన్ పెట్రోలియంలో కలిసింది. ధరల నియంత్రణ విధానాన్ని 2002 ఏప్రిల్ 1న ఎత్తివేసినట్టు ప్రకటించినా, పెట్రోలు ధర 2010 జూన్‌లో, డీజిల్ ధర 2014 అక్టోబరులో మాత్రమే నిజంగా మార్కెట్టుకు వదిలారు. బంకుల్లో రోజువారీ ధరలు 2017 జూన్ 16న మొదలయ్యాయి.

కానుగ, అడవి ఆముదం

జీవ ఇంధన చరిత్రలో తెలుగు నేలకు చెందిన మంచి అధ్యాయం ఆదిలాబాద్ అడవుల్లో రూపుదిద్దుకుంది. అప్పటి ఆదిలాబాద్ జిల్లాలోని చల్‌బర్డి గ్రామంలో, బెంగళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థకు చెందిన ఉడిపి శ్రీనివాస ప్రోత్సాహంతో, కానుగ నూనెతో జనరేటరు నడిపి ఇళ్లకు కరెంటు ఇచ్చారు. అదే జిల్లాలోని పవర్‌గూడ అనే ఆదివాసీ గూడెంలో మహిళా సంఘాలు వ్యవసాయ పరిశోధన సంస్థ ఇక్రిశాట్ తోడ్పాటుతో కానుగ మొక్కలు పెంచి, గింజల నుంచి నూనె ఆడించాయి. 2003 అక్టోబరులో ఆ మహిళలు 147 టన్నుల కార్బన్ డయాక్సైడ్‌కు సమానమైన ఉద్గార తగ్గింపును ప్రపంచ బ్యాంకుకు 645 డాలర్లకు అమ్మారు. మొత్తం చిన్నదే. కానీ కార్బన్ వ్యాపారం అన్న మాట నగరాల్లోనే చాలామందికి కొత్తగా ఉన్న రోజుల్లో, ఒక గూడెం ఆడవాళ్లు ఆ లావాదేవీని పూర్తిచేయడం ప్రశంసనీయం. కానుగ మన ఊళ్లకు పరిచయమైన చెట్టు. పశువులు దాని ఆకు ముట్టవు. నూనె దీపాలకు, పిండి పొలానికి ఎరువుగా ఎప్పటినుంచో వాడుకలో ఉన్నాయి. నేలలో నత్రజనిని నిలిపే గుణం కూడా దానికి ఉంది.

ఢిల్లీ ప్రణాళికలు మాత్రం కానుగ కన్నా అడవి ఆముదంపై, అంటే జట్రోఫాపై, ఎక్కువ ఆశ పెట్టుకున్నాయి. డి.ఎన్. తివారీ అధ్యక్షతన ప్రణాళికా సంఘం నియమించిన కమిటీ 2003లో నివేదిక ఇచ్చింది. మొదట నాలుగు లక్షల హెక్టార్లలో ప్రదర్శనగా నాటాలని అది సూచించింది. 2011-12 నాటికి డీజిల్‌లో 20 శాతం కలపాలంటే కోటీ 12 లక్షల హెక్టార్లు కావాలని లెక్క వేసింది. బీడు భూముల్లో, నీళ్లు లేకుండా, ఎరువు లేకుండా పండుతుందన్న నమ్మకంపైనే ఆ లెక్క అంతా నిలిచింది. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం కూడా మెట్ట జిల్లాల్లో ఈ మొక్కలను ప్రోత్సహించింది.

నమ్మకం నిజం కాలేదు. మొక్క బతికింది గాని గింజ సరిగా పట్టలేదు. కాపుకు మూడు నాలుగేళ్లు ఆగాలి, ఆ తర్వాతా నీరు పెట్టిన చోటే చెప్పుకోదగ్గ దిగుబడి వచ్చింది. కేంద్రం 2005 అక్టోబరులో బయోడీజిల్ కొనుగోలు విధానం ప్రకటించి, 2006 జనవరి నుంచి లీటరుకు 25 రూపాయలు ఇస్తామంది. తయారీ ఖర్చు అంతకన్నా ఎక్కువ కావడంతో చమురు సంస్థల కొనుగోలు కేంద్రాలకు సరుకు రాలేదు. కాకినాడలో 2000ల చివర్లో పెద్ద బయోడీజిల్ కర్మాగారాలు వచ్చినా, వాటికి మెట్ట రైతు గింజ కాక పామాయిల్ ఉప ఉత్పత్తుల వంటి ముడిసరుకే ఆధారమైంది. 2009 జాతీయ జీవ ఇంధన విధానం 2017 నాటికి 20 శాతం మిశ్రమాన్ని లక్ష్యంగా పెట్టినా డీజిల్ విషయంలో ఆ లక్ష్యం కాగితం మీదే ఉండిపోయింది. గిట్టుబాటు ధర, కొనేవాడు, నీరు ఈ మూడూ ముందే తేల్చకుండా రైతును నాటమనడమే ఈ కార్యక్రమం విఫలం కావడానికి అసలు కారణం. తమకు తెలిసిన చెట్టుతో, తమ అవసరానికే మొదలుపెట్టిన పవర్‌గూడ వంటి ఊళ్లలో ఈ తప్పు జరగలేదు.

ఇథనాల్ మిశ్రమం

2001లో మహారాష్ట్రలోని మీరజ్, మన్మాడ్‌లలో, ఉత్తరప్రదేశ్‌లోని బరేలీలో ఇథనాల్ (పాత పవర్ ఆల్కహాలే) కలిపిన పెట్రోలును ప్రయోగాత్మకంగా అమ్మిన తర్వాత, 2003 జనవరి నుంచి తొమ్మిది రాష్ట్రాల్లో, నాలుగు కేంద్రపాలిత ప్రాంతాల్లో ఐదు శాతం ఇథనాల్ కలపడం తప్పనిసరి చేశారు. ఆ తొమ్మిదింటిలో ఆంధ్రప్రదేశ్ ఒకటి. వెంటనే వచ్చిన కరవులో చెరకు పడిపోయి సరఫరా ఆగింది. 2006లో కార్యక్రమాన్ని మళ్లీ విస్తరించారు. అయినా మొదలుపెట్టిన పదేళ్ల తర్వాత 2013-14లో దేశవ్యాప్త మిశ్రమం 1.53 శాతమే, చేరిన ఇథనాల్ 38 కోట్ల లీటర్లే.

అసలు మలుపు 2014 డిసెంబరులో వచ్చింది. టెండర్ల బేరాన్ని పక్కన పెట్టి, దూరాన్ని బట్టి లీటరుకు 48.50 నుంచి 49.50 రూపాయల వరకు ధరను కేంద్రమే నిర్ణయించింది. మరుసటి ఏడాది ఇథనాల్‌పై ఎక్సైజ్ సుంకం తీసేసింది. 2015-16లో సరఫరా 111 కోట్ల లీటర్లకు చేరింది. 2016 ఆగస్టులో ఆ సుంకపు రాయితీని వెనక్కి తీసుకోవడానికి చెరకు కరవు తోడై, తర్వాతి ఏడాది అది 66 కోట్ల లీటర్లకు పడిపోయింది. పన్ను ఎంత బలంగా పనిచేస్తుందో చెప్పడానికి ఈ రెండేళ్ల అంకెలను మించిన సాక్ష్యం ఈ చరిత్రలో లేదు.

2018 జూన్‌లో వచ్చిన కొత్త జాతీయ విధానం బి-హెవీ మొలాసిస్ (ఇంకా కొంత చక్కెర మిగిలి ఉన్న మొలాసిస్), చెరకు రసం, పాడైన ధాన్యం, నూకలు, మిగులు బియ్యం వాడకానికి అనుమతినిచ్చింది. ప్రభుత్వం ఒక్కో ముడిసరుకుకు ఒక్కో ధర పెట్టింది. ఆ ఏడాది జులైలోనే ఇథనాల్‌పై జీఎస్టీని 18 నుంచి ఐదు శాతానికి తగ్గించారు. 20 శాతం లక్ష్యాన్ని 2030 నుంచి 2025-26కు ముందుకు జరిపారు. కలపని పెట్రోలుపై లీటరుకు రెండు రూపాయల అదనపు సుంకాన్ని 2022 బడ్జెట్‌లో ప్రకటించారు. పన్నును నేరుగా మిశ్రమానికి అనుకూలంగా వాడిన తొలి సందర్భాల్లో ఇది ఒకటి. పది శాతం మిశ్రమం 2022 జూన్‌లో, అనుకున్న గడువుకు ఐదు నెలల ముందే చేరింది. 2023-24లో సగటు 14.6 శాతం, 2024-25లో 19 శాతం దాటింది.

ఈ వేగానికి ఇబ్బందులూ ఎదురయ్యాయి. 2023 జులైలో భారత ఆహార సంస్థ బియ్యం ఇవ్వడం ఆపింది. డిసెంబరులో చెరకు రసం వాడకాన్ని ప్రభుత్వం నిషేధించి, కొద్ది రోజులకే పరిమితితో సడలించింది. డిస్టిలరీలు మొక్కజొన్న వైపు మళ్లడంతో, 2024లో దేశం మొక్కజొన్నను ఎగుమతి కన్నా ఎక్కువ దిగుమతి చేసుకుంది, కోళ్ల దాణా ఖర్చు పెరిగింది. లీటరు ఇథనాల్‌లో పెట్రోలు కన్నా మూడోవంతు తక్కువ శక్తి ఉంటుంది. పది శాతం మిశ్రమానికి సర్దిన పాత కార్లలో మైలేజీ ఆరేడు శాతం తగ్గవచ్చని 2021 నీతి ఆయోగ్ నివేదికే అంచనా వేసింది. ధర మాత్రం ఆ మేరకు తగ్గలేదు. వినియోగదారుకు ఇథనాల్ లేని పెట్రోలు కొనే అవకాశం ఇవ్వాలన్న పిటిషన్‌ను సుప్రీంకోర్టు 2025 సెప్టెంబరులో తోసిపుచ్చింది.

2014 తర్వాతి పన్నులు

ముడి చమురు ధర 2014 మధ్యలో పీపా వంద డాలర్లకు పైన ఉండి, 2016 జనవరికి 30 డాలర్ల దిగువకు వచ్చింది. ఆ లాభంలో పెద్ద వాటాను కేంద్రం ఎక్సైజ్ రూపంలో తీసుకుంది. 2014 నవంబరు నుంచి 2016 జనవరి వరకు తొమ్మిదిసార్లు పెంచి, లీటరు పెట్రోలుపై 11.77, డీజిల్‌పై 13.47 రూపాయలు కలిపింది. కరోనా కాలంలో 2020 మే 6న మళ్లీ పెంచడంతో సుంకం పెట్రోలుపై 32.98, డీజిల్‌పై 31.83 రూపాయలకు చేరింది. అంత ఎత్తు మునుపెన్నడూ లేదు. 2021 నవంబరు, 2022 మే నెలల్లో తగ్గించారు. 2025 ఏప్రిల్‌లో రెండేసి రూపాయలు కలిపాక అది 21.90, 17.80 రూపాయలు అయింది.

రాష్ట్రాలకు బాధ కలిగించింది మొత్తం కన్నా దాని కూర్పే. 2021 బడ్జెట్ తర్వాత పెట్రోలుపై 32.90 రూపాయల సుంకంలో రాష్ట్రాలతో పంచుకునే మౌలిక ఎక్సైజ్ 1.40 రూపాయలు మాత్రమే. మిగతాదంతా సెస్సులు, ప్రత్యేక సుంకాలు. రోడ్డు పేరుతో 1929లో మొదలైన ఏర్పాటు అప్పటికి రోడ్డు, మౌలిక వసతుల సెస్సుగా ఆ మొత్తంలో సగానికి పైగా ఆక్రమించింది.

తెలుగు రాష్ట్రాలు

ఉమ్మడి రాష్ట్రంలో వ్యాట్ పెట్రోలుపై 31, డీజిల్‌పై 22.25 శాతం. విభజన తర్వాత తెలంగాణ 2015 జనవరిలో వాటిని 35.20, 27 శాతాలకు పెంచింది. ఆంధ్రప్రదేశ్ శాతాలను కదపకుండా, 2015 ఫిబ్రవరిలో లీటరుకు నాలుగు రూపాయల అదనపు పన్ను వేసింది. తర్వాత రూపాయి రోడ్డు సెస్సు కలిపింది. 2021 నవంబరులో కేంద్రం సుంకం తగ్గించినప్పుడు చాలా రాష్ట్రాలు వ్యాట్ తగ్గించినా ఈ రెండూ తగ్గించలేదు.

తెలుగు రాష్ట్రాల్లో చక్కెర కర్మాగారాలు ఒక్కొక్కటిగా మూతపడటంతో, ఇక్కడి కొత్త ఇథనాల్ యూనిట్లు ఎక్కువగా నూకలు, మొక్కజొన్నపై ఆధారపడ్డాయి. వరి, మొక్కజొన్న రైతుకు మరో కొనుగోలుదారు దొరకడం మేలే. కానీ పొలాల మధ్య, ఊరి నీటి వనరుల పక్కన కర్మాగారం పెట్టడంపై నారాయణపేట జిల్లా చిత్తనూరులో, 2024 నవంబరులో నిర్మల్ జిల్లా దిలావర్‌పూర్‌లో, 2025 జూన్‌లో జోగులాంబ గద్వాల జిల్లా పెద్ద ధన్వాడలో ప్రజలు ఆందోళనకు దిగారు. వాసన, వ్యర్థజలాలు, భూగర్భ జలాలపై వాళ్ల ప్రశ్నలు న్యాయమైనవి. దిలావర్‌పూర్‌లో ప్రభుత్వం పనులు నిలిపివేయించింది.

అధికారాల విభజన

ఆల్కహాల్‌పై కేంద్ర, రాష్ట్రాల హద్దు 2024 అక్టోబరు 23న మళ్లీ మారింది. తొమ్మిదిమంది న్యాయమూర్తుల సుప్రీంకోర్టు ధర్మాసనం 1989 నాటి ఏడుగురి తీర్పును తోసిపుచ్చి, రాజ్యాంగంలోని మత్తు పానీయాలు అన్న పరిధిలోకి పారిశ్రామిక ఆల్కహాల్ కూడా వస్తుందని 8-1 మెజారిటీతో చెప్పింది. జస్టిస్ బి.వి. నాగరత్న భిన్నాభిప్రాయం వెలిబుచ్చారు. ఇంధన ఇథనాల్‌పై జీఎస్టీ ఐదు శాతంగానే కొనసాగుతోంది. దానితో కలిసే పెట్రోలు మాత్రం 2016లో చేసిన 101వ రాజ్యాంగ సవరణ ప్రకారం జీఎస్టీ మండలి సిఫారసు చేసే తేదీ వరకు ఆ పన్నుకు వెలుపలే ఉంటుంది. 2021 సెప్టెంబరులో లక్నో సమావేశంలో ఈ అంశం చర్చకు వచ్చినప్పుడు ఇది తగిన సమయం కాదని మండలి నిర్ణయించింది.