ఒక్క కటింగ్ ప్లేయరు

సైబర్ టవర్స్‌ను 1998 నవంబర్ 22న ప్రధాని వాజ్‌పేయి ప్రారంభించారు. ఆ తేదీ అందరికీ ఎరుకే. దాని చుట్టూ మాదాపూర్ రాళ్లగుట్టల మధ్య లేచిన మిగతా బిల్డింగుల గోడలు తొలిచి కరెంటు పైపులు పెట్టిన ఐ.టి.ఐ. పిలగాండ్ల ముచ్చట మాత్రం ఎవరూ రాయలేదు. అండ్ల నేనొకణ్ని.

పగలు ఎలక్ట్రీషియన్ క్లాసు, మాపటికి సైటు. బోరబండలో ముగ్గురం ఒకే రూము. నేను మాదిగ, ఒకడు దూదేకుల, ఇంకొకాయన మాల. ఆయన నాకన్న రెండేండ్లు పెద్ద, అన్నా అనేటోణ్ని. ముగ్గురికీ కలిపి ఒక్కటే కటింగ్ ప్లేయరు, అదీ అన్నదే. నేను వైరు కోస్తుంటే వాళ్లు గోడ తొలిచేది. రికార్డు బుక్కు ఒకడు గీస్తే ఇద్దరం చూసి ఎక్కించుకునేది.

అవి దండోర దినాలు. 1994లో ఈదుముడిలో పుట్టిన మాట మా ఊరిదాకా వచ్చింది. 1997లో సర్కారు ఎ, బి, సి, డి జీవో ఇస్తే హైకోర్టు కొట్టేసింది. 2000లో ఏకంగా చట్టమే చేసిండ్రు. రూములో రోజూ కొట్లాటే. మా వాటా మాకు గావాలని నేను, "విడిపోతే నవ్వేదెవరు తమ్మీ" అని అన్న. ఇదే పట్నంలో భాగ్యరెడ్డి వర్మ 1906లో జగన్మిత్ర మండలి పెట్టిన ముచ్చట, మనల్ని ఆది హిందువులన్న ముచ్చట ఆయన నోటనే మొదటిసారి విన్న. ఒప్పుకోలేదు, కాని విన్న. నా వాదం ఇప్పటికీ అదే.

పరీక్షలకు మూడు నెలల ముందు అన్న పరంజా మీదికెళ్లి పడ్డడు. కాలు విరిగింది. కూలోల్ల నష్టపరిహారానికి 1923 నుంచి చట్టమున్నది. మస్టర్‌లో పేరుంటే గద! ఆ కాంట్రాక్టరు మా పేర్లు ఎన్నడూ ఎక్కించలేదు. ఇటు ఐ.టి.ఐ.లో నూటికి 80 హాజరు లేకుంటే పరీక్షకు కూసోనియ్యరు. పేరు పిలిచినప్పుడు దూదేకుల తమ్ముడు అన్న గొంతు తీసి "ఎస్సార్" అనేటోడు. సారు తలెత్తేటోడు కాదు. తప్పే. మళ్లీ అట్లయితే మళ్లీ చేస్తం. వారం కూలీ వస్తే ఇద్దరిదీ కలిపి మూడు వంతులు, ఒకటి అన్నది. తట్టలు మోసే పాలమూరు అక్కలు జొన్నరొట్టెలు కట్టిచ్చేది. "వాడు మాలోడు, నీకెందుకురా" అన్నోళ్లు మా బస్తీలనే ఉన్నరు.

ఒక మాట దాచొద్దు. ఒక వారం కూలీ రాలేదని అబద్ధమాడిన. ఇంటికాడ అవ్వ మిత్తి కట్టాలె. ఆ రాత్రి అన్న తన కంచంలకెళ్లి సగం రొట్టె నా దిక్కు జరిపిండు. "కూలీ రానోనికి ఆకలెక్కువైతది" అన్నడు. ఆయనకు ఎరుకో కాదో ఇప్పటికీ అడగలే.

కుంటుకుంటనే పోయి పరీక్ష రాసిండు, పాసయ్యిండు. ఆ చట్టాన్ని 2004లో సుప్రీంకోర్టు కొట్టేసింది. 2024 ఆగస్టు 1న, వర్గీకరణ చెయ్యొచ్చని అదే కోర్టు తీర్పిచ్చింది. ఆ మాపటికే అన్న ఫోను:

"గెలిచినవ్ గద తమ్మీ. ఇగ నా కటింగ్ ప్లేయరు నాకియ్యి."