పాస్‌పోర్టు చివరి పుట: ఉమ్మడి వరంగల్లు ప్రవాసుల చిరునామా చరిత్ర

విదేశంలో దీర్ఘకాల వీసా మీద నివసించే వ్యక్తికి పాస్‌పోర్టు నవీకరణ ఒక సాధారణ కార్యాలయ వ్యవహారం. దరఖాస్తు, ఛాయాచిత్రం, రుసుము సమర్పిస్తే కొంతకాలానికి కొత్త పుస్తకం చేతికి వస్తుంది. అయితే జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి ప్రాంతాల నుంచి వెళ్ళినవారి విషయంలో ఈ వ్యవహారం ఒక చారిత్రక ప్రశ్నను ముందుకు తెస్తున్నది. పాస్‌పోర్టు చెల్లుబాటు కాలమైన పదేళ్ళలో ఆ వ్యక్తి మారలేదు, ఊరు మారలేదు. ఊరున్న జిల్లా పేరు, రాష్ట్రం పేరు మాత్రం మారాయి. పాత, కొత్త పత్రాల మధ్య పొంతనను కోరే పాస్‌పోర్టు ఈ మార్పును ఎలా నమోదు చేస్తున్నదో, ప్రవాస చరిత్రకు అది ఏ మేరకు ఆధారం కాగలదో పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

అనుగ్రహం నుంచి హక్కుకు

మొదటి ప్రపంచయుద్ధ కాలంలో, 1917లో చేసిన నిబంధనలతో భారతదేశంలో పాస్‌పోర్టు తప్పనిసరి పత్రమైంది. 1920 నాటి చట్టం దేశంలోకి ప్రవేశించేవారికి మాత్రమే సంబంధించినది. పాస్‌పోర్టు జారీకి ప్రత్యేక శాసనం లేకపోవడంతో స్వాతంత్ర్యానంతరం కూడా దానిని ఇవ్వడం, నిరాకరించడం ప్రభుత్వ విచక్షణకే లోబడి ఉండేవి. సత్వంత్ సింగ్ సాహ్నీ వ్యాజ్యంలో 1967 ఏప్రిల్ 10న సుప్రీంకోర్టు ఈ స్థితిని మార్చింది. విదేశయానం రాజ్యాంగం 21వ అధికరణం చెప్పిన వ్యక్తి స్వేచ్ఛలో భాగమని అధిక సంఖ్యాక న్యాయమూర్తులు నిర్ణయించారు. ఆ తీర్పు రాసినవారు తెలుగువారైన ప్రధాన న్యాయమూర్తి కోకా సుబ్బారావు. మరునాడే ఆయన పదవికి రాజీనామా చేసి రాష్ట్రపతి ఎన్నికలో నిలిచారు. ఆ తీర్పు ఫలితంగానే అదే ఏడాది జూన్‌లో పాస్‌పోర్టుల చట్టం వచ్చింది.

వాడుకలో నవీకరణ అంటున్నా, నేటి పద్ధతిలో జరిగేది పునర్జారీ. పాత పుస్తకం అంచు కత్తిరించి, రద్దు చేసి తిరిగి ఇస్తారు. కొత్త పుస్తకానికి కొత్త సంఖ్య వస్తుంది. విదేశంలో ఉన్నవారికి ఈ పని భారత రాయబార కార్యాలయం లేదా కాన్సులేటు చేస్తుంది. ఇక్కడే ప్రవాసి బతుకుతెరువు ముడిపడి ఉంది. అమెరికాలో ప్రవేశించేటప్పుడు పాస్‌పోర్టు గడువు దగ్గరపడి ఉంటే, వీసా గడువు మిగిలి ఉన్నా, నివాసకాలాన్ని ఆ పాస్‌పోర్టు తేదీకే పరిమితం చేయవచ్చు. సౌదీ అరేబియాలో మనవారు అకామా అని పిలిచే నివాసపత్రానికి చెల్లుబాటయ్యే పాస్‌పోర్టు ఆధారం. కొత్త సంఖ్యను అక్కడి దస్త్రాలలోకి ఎక్కించడం సాధారణంగా యజమాని ద్వారా జరుగుతుంది. పాస్‌పోర్టు చేతిలో లేక స్వదేశానికి తిరిగి రాదలచినవారికి కాన్సులేటు ఇచ్చే తాత్కాలిక పత్రాన్ని తెలంగాణ పల్లెల్లో అవుట్‌పాస్ అంటారు. పునర్జారీ మనిషిని కొలువులో నిలుపుతుంది. అవుట్‌పాస్ ఇంటికి మాత్రమే చేరుస్తుంది. ఒక చిరునామా గడిని పూరించడం వెనుక ఇంత భారం ఉంది.

ఊరు ఒకటే, జిల్లాలు అనేకం

2014 జూన్ 2న తెలంగాణ రాష్ట్రం ఏర్పడింది. 2016 అక్టోబరు 11న జిల్లాల పునర్వ్యవస్థీకరణలో ఉమ్మడి వరంగల్లు నుంచి జనగామ, మహబూబాబాద్, జయశంకర్ భూపాలపల్లి జిల్లాలు ఏర్పడ్డాయి. ఇవి ఒక్క వరంగల్లు ముక్కలే కావు. గార్ల, బయ్యారం మండలాలు ఖమ్మం నుంచి మహబూబాబాద్‌లో చేరాయి. మహాదేవపూర్, కాటారం కరీంనగర్ నుంచి భూపాలపల్లిలో చేరాయి. 2019 ఫిబ్రవరిలో భూపాలపల్లి నుంచి ములుగు విడిపోయింది.

2013లో ఏటూరునాగారం చిరునామాతో పాస్‌పోర్టు పొంది విదేశానికి వెళ్ళిన వ్యక్తిని ఉదాహరణగా తీసుకుందాం. ఆ పుస్తకం మీద అతని ఊరు ఆంధ్రప్రదేశ్‌లోని వరంగల్లు జిల్లాలో ఉంది. 2023లో పునర్జారీ నాటికి అదే ఊరు తెలంగాణలోని ములుగు జిల్లాలో ఉంది. నడుమ రెండేళ్ళకు పైగా భూపాలపల్లి జిల్లాలో ఉన్న సంగతి ఏ పుస్తకంలోనూ కనిపించదు. అతను నివసించే దేశపు దస్త్రాలలో మాత్రం మొదటి చిరునామాయే నిలిచి ఉంటుంది.

ఇటువంటి మార్పు కొత్తది కాదు. జనగామ తాలూకా నిజాం పాలనలో నల్లగొండ జిల్లాలో ఉండేది. 1946 జూలై 4న దొడ్డి కొమరయ్య అమరుడైన కడవెండి, సాయుధ పోరాట చరిత్రలలో నల్లగొండ జిల్లా గ్రామంగా కనిపించడానికి కారణం అదే. కడవెండి ఆ తరువాత వరంగల్లులోకి, ఇప్పుడు జనగామ జిల్లాలోకి వచ్చింది. చరిత్ర విద్యార్థి ఈ భేదాన్ని వివరణతో సరిపెట్టుకోగలడు. విదేశీ కార్యాలయపు కిటికీ ముందు నిలబడినవాడికి ఆ సౌలభ్యం తక్కువ.

ఇంటిపేరు, లిపి

చిరునామాతో పాటు పేరు కూడా పరీక్షకు గురవుతుంది. పాస్‌పోర్టులో తెలుగు లిపికి చోటు లేదు. లక్ష్మి అనే పేరును రోమన్ లిపిలో రెండు మూడు విధాలుగా రాస్తారు. ల-ళ, న-ణ భేదం అందులో చెరిగిపోతుంది. తెలుగువారు ఇంటిపేరును పొడి అక్షరంగా ముందుంచుతారు. పాస్‌పోర్టు దరఖాస్తు పొడి అక్షరాలను అంగీకరించదు. ఇంటిపేరు గడి ఖాళీగా ఉంటే అమెరికా వీసాలో అసలు పేరే ఇంటిపేరు స్థానంలోకి చేరి, అసలు పేరు స్థానంలో పేరు తెలియదనే అర్థమిచ్చే సంకేతాక్షరాలు వస్తాయి. యంత్రం చదివే పంక్తిలో మొత్తం పేరుకు ఉన్నవి 39 స్థానాలు. తొలి పాస్‌పోర్టులో ఏ రూపం స్థిరపడితే పునర్జారీలోనూ దానినే కొనసాగించవలసి రావడం వల్ల ఒకనాటి గుమాస్తా వర్ణక్రమం జీవితాంతపు పేరవుతుంది.

చివరి పుట విలువ

తల్లిదండ్రుల పేర్లు, చిరునామా, పాత పాస్‌పోర్టు సంఖ్య, దాని జారీ తేదీ, స్థలం చివరి పుటలో ఉంటాయి. 1983 వలసల చట్టం ప్రకారం, పదవ తరగతి దాటనివారు కొన్ని దేశాలకు ఉద్యోగానికి వెళ్ళేటప్పుడు ప్రభుత్వ అనుమతి పొందాలన్న సూచన కూడా పుస్తకంలో నమోదవుతుంది. మూడేళ్ళకు పైగా విదేశంలో ఉన్నవారికి పునర్జారీ సమయంలో ఆ సూచన తొలగే అవకాశముంది. 2018 జనవరిలో కేంద్రం చివరి పుటను ముద్రించబోమనీ, అనుమతి అవసరమైనవారికి నారింజరంగు అట్ట ఇస్తామనీ ప్రకటించింది. చదువులేని శ్రామికులను రంగుతో వేరుచేయడమేనని విమర్శలు రాగా అదే నెల 30న ఆ నిర్ణయాన్ని విరమించుకుంది.

ఆ విరమణ వల్ల దక్కినది శ్రామికుల గౌరవం మాత్రమే కాదు, ఒక చారిత్రక ఆధారం కూడా. హైదరాబాదులో జారీ అయిన పుస్తకం తరువాతి పుస్తకంలో జెడ్డానో దుబాయో షికాగోనో జారీస్థలంగా ఉంటే, ఒక కుటుంబపు వలసక్రమం తేదీలతో సహా తెలుస్తుంది. రద్దయిన పుస్తకాలను వరుసగా పేర్చి చదివితే గల్ఫ్, అమెరికా వలసల చరిత్రకు ప్రథమశ్రేణి ఆధారాలు లభిస్తాయి. ప్రవాస సాహిత్య పరిశోధకులు కథలు, లేఖలతో పాటు వీటినీ యజమానుల అనుమతితో, వ్యక్తిగత వివరాల గోప్యతను పాటిస్తూ సేకరించడం అవసరం. ఆ సేకరణలో జిల్లాను ప్రమాణంగా తీసుకుంటే ఒకే ఊరివారు వేర్వేరు జిల్లాలవారుగా లెక్కకు వస్తారు. గ్రామాన్ని ప్రమాణంగా తీసుకుని, ఏ సంవత్సరంలో ఏ జిల్లాలో ఉండేదో పక్కన నమోదు చేయడమే సరైన పద్ధతి.