జాబితాలో లేని వరుస

అవార్డుల జాబితా వచ్చినప్పుడల్లా నేను ముందు ఊర్ల పేర్లు వెతుకుతాను. మన పాలమూరు, నల్లగొండ దిక్కు నుంచి ఎవరన్నా ఉన్నారా అని చూస్తాను. ఇది ఉత్త ఊరి మమకారం అనుకునేవాణ్ణి. కొన్నేండ్లుగా చూస్తుంటే, ఆ జాబితా ఎట్లా తయారైందో కూడా అందులో కనపడుతుందని అర్థమైంది.

ఉమ్మడి రాష్ట్రంలో నంది అవార్డులు 1964లో మొదలైనయి. వాటిలోనైనా, జాతీయ అవార్డుల్లోనైనా సంగీతానికి ఉండే వరుసలు తక్కువ: సంగీత దర్శకుడు, గీత రచయిత, గాయకుడు, గాయని. పాట రాసి, కాగితం మీద పేరు పెట్టుకున్న మనిషికి అక్కడ చోటుంది. ఉమ్మడి నల్లగొండ జిల్లా సుద్దాల ఊరి నుంచి వచ్చిన సుద్దాల అశోక్‌తేజకు 'ఠాగూర్' సినిమా పాటకు 2003 సంవత్సరపు జాతీయ అవార్డు అట్లనే వచ్చింది. అది న్యాయమైన గెలుపు. కానీ ఆయన తండ్రి హనుమంతు సాయుధ పోరాట కాలంలో గొల్లసుద్దుల బాణీని పట్టుకొని ఊరూరా పాడిండు. ఆయన పాట 'మా భూమి' (1979) సినిమాకెక్కింది. హనుమంతు అందుకున్న ఆ బాణీ ఎవరిది? తరతరాల గొల్లసుద్దుల వాళ్ళది. వాళ్ళకు వరుస లేదు.

ఇక వాయిద్యం సంగతి. నాగర్‌కర్నూల్ జిల్లా లింగాల మండలం అవుసలికుంట దర్శనం మొగులయ్యది. ఆయన చేతిలోది పన్నెండు మెట్ల కిన్నెర. వెదురు దండె, సొరకాయ బుర్రలు, తీగెలు, మెట్లు నిలబెట్టే తేనెమైనం. డక్కలి కులస్తులు తరాలుగా దీన్ని వాయిస్తూ పండుగ సాయన్న లాంటి పాలమూరు వీరుల కథలు చెప్పుకుంటూ వచ్చిండ్రు. 2021 సెప్టెంబర్‌లో 'భీమ్లా నాయక్' టైటిల్ పాట వచ్చినప్పుడు మొదట వినపడ్డది ఆయన గొంతు, ఆయన కిన్నెర. ఆ పాటకు సంగీత దర్శకుడున్నడు, రచయిత ఉన్నడు, గాయకులున్నరు. జాబితాలో కిన్నెరకు మాత్రం పేరు లేదు.

మొగులయ్యకు గుర్తింపు వేరే దారిన వచ్చింది. 2022 జనవరిలో పద్మశ్రీ ప్రకటించిండ్రు. రాష్ట్ర ప్రభుత్వం కోటి రూపాయలు, ఇంటి స్థలం ప్రకటించింది. రెండేండ్లకు, 2024లో, నారాయణపేట జిల్లా దామరగిద్ద బుర్రవీణ కళాకారుడు దాసరి కొండప్పకూ పద్మశ్రీ వచ్చింది. సంతోషమే. అయితే అదే ఏడాది మే నెలలో మొగులయ్య హైదరాబాద్ శివారు తుర్కయంజాల్‌లో ఇంటి పని దగ్గర కూలి చేస్తున్నడని పత్రికలు రాసినయి. పతకం ఒక మనిషి మెడల పడుతుంది. ఆ వాయిద్యం నేర్చుకున్న పిల్లవానికి రేపు అన్నం ఎక్కడిదన్న ప్రశ్న అట్లనే ఉంటుంది.

నంది అవార్డు వద్దన్న గద్దర్ పేరుతోనే తెలంగాణ ప్రభుత్వం సినిమా అవార్డులు పెట్టింది. 2025 జూన్ 14న హైటెక్స్‌లో మొదటి వేడుక జరిగింది. 2024కు సంగీత దర్శకుడిగా భీమ్స్, గీత రచయితగా చంద్రబోస్, గాయకుడిగా సిద్ శ్రీరామ్, గాయనిగా శ్రేయా ఘోషల్. వీళ్ళ ప్రతిభ మీద నాకు పేచీ లేదు. పేరు మారింది, వరుసలు మాత్రం నంది నాటి దారిలోనే ఉన్నయి. గొంగడి కప్పుకొని, కర్ర పట్టుకొని ఊరి బాణీలనే పాడిన మనిషి పేరు పెట్టుకున్నంక, ఆ బాణీలకు ఒక వరుస కలపడం పెద్ద కష్టమా?

నేను అడిగేది చిన్నది. సినిమాలో వినపడ్డ జానపద వాయిద్యానికి, దాన్ని వాయించిన మనిషికి ఒక అవార్డు. దాంతోపాటు ఆయన దగ్గర నేర్చుకునే ఇద్దరు పిల్లలకు నెలనెలా కొంత పైకం. అప్పుడు జాబితాలో ఊరి పేరు వెతికే నాలాంటోడికి, పేరు పక్కన వాయిద్యం కూడా దొరుకుతుంది.