రోగే రాసుకున్న ప్రశ్నపత్రం

మోకాళ్ళ నొప్పితో పీలేరు నుంచి ఒక అవ్వ తిరుపతి ఎస్వీ ఆయుర్వేద ఆసుపత్రికి వచ్చిందనుకుందాం. నెలరోజులు తైలం మర్దన చేయించుకుంది, కషాయం తాగింది. "ఎట్లుందవ్వా?" అని డాక్టరు అడిగితే "ఏదో, అట్లే ఉండాది నాయనా" అంటుంది. కేసుషీటులో ఏమని రాయాలి? ఎక్స్‌రేలో ఎముక ఎప్పటిలాగే ఉంది, రక్తపరీక్షలోనూ తేడా లేదు. కానీ నిన్న రాత్రి ఆమె మధ్యలో లేవకుండా తెల్లారేదాకా నిద్రపోయింది. ఈ నిద్రను లెక్కలోకి తీసుకోవడం ఎలాగో వైద్యలోకానికి చాలాకాలం అంతుపట్టలేదు. వెతుకులాటలో ఒకసారి ఘోరంగా బోల్తా కూడా పడింది.

అది జరిగింది ఇంగ్లండులోని బ్రిస్టల్‌లో. రొమ్ము క్యాన్సర్ సోకిన పెన్నీ బ్రోన్, ఆమె స్నేహితురాలు ప్యాట్ పిల్కింగ్టన్ మరికొందరితో కలిసి 1980లో అక్కడ ఒక కేంద్రం తెరిచారు. ఆహార నియమాలు, ధ్యానం, మనసు విప్పి మాట్లాడుకునే చోటు, ఇవీ అక్కడ దొరికేవి. వీటివల్ల నిజంగా మేలుందా అని తేల్చడానికి పరిశోధకులు అక్కడికి వచ్చిన 334 మంది రొమ్ము క్యాన్సర్ రోగులను, మామూలు ఆసుపత్రుల్లోని 461 మందితో పోల్చారు. 1990 సెప్టెంబరులో 'లాన్సెట్' పత్రిక ఫలితం ప్రకటించింది. కేంద్రానికి వెళ్ళినవాళ్ళకే జబ్బు ఎక్కువగా తిరగబెడుతోందట, చావులూ ఎక్కువేనట! పత్రికలు గగ్గోలు పెట్టాయి, కేంద్రానికి వచ్చేవాళ్ళు ఒక్కసారిగా తగ్గిపోయారు.

లోపం పోల్చిన తీరులో ఉంది. జబ్బు ముదిరినవాళ్ళే ఎక్కువగా ఆ కేంద్రం తలుపు తట్టారన్న సంగతి లెక్కలో సరిగ్గా పట్టుబడలేదు. పరిశోధనకు ఒప్పుకున్న ఆడవాళ్ళే సంఘంగా ఏర్పడి ఎదురుతిరిగారు. కొద్దినెలల్లోనే పరిశోధకులు ఆ తేడాకు జబ్బు తీవ్రతే కారణమై ఉండవచ్చని ఒప్పుకున్నారు. పరిశోధనకు డబ్బిచ్చిన సంస్థల పర్యవేక్షణ సరిగా లేదని 1994లో అక్కడి ధార్మిక సంస్థల కమిషన్ తప్పుపట్టింది. నాకు మాత్రం అంతకన్నా పెద్ద లోపం ఇంకొకటి కనిపిస్తుంది. మీరిక్కడికి ఏం కోరి వచ్చారు, అది దొరికిందా అన్న ప్రశ్నకు ఆ ఫలితంలో చోటే లేదు.

రోగిని అడిగే పత్రాలు ఆ రోజుల్లో లేకపోలేదు. అమెరికాలో తయారై 1992లో ప్రచురితమైన 36 ప్రశ్నల పత్రం, 'ఎస్ఎఫ్-36', ప్రపంచమంతా పాకింది. పద్ధతి గట్టిదే. కానీ అందులో ఒక ప్రశ్న బల్ల జరపడం, వాక్యూమ్ క్లీనర్ తోయడం, గోల్ఫ్ ఆడటం కష్టంగా ఉందా అని అడుగుతుంది. పీలేరు అవ్వకు గోల్ఫ్‌తో ఏం పని? ఆమె దిగులంతా అలిపిరి దగ్గర మొదలయ్యే 3,550 మెట్లు మళ్ళీ ఎక్కగలనా అని. ఈ చిక్కు గమనించే ప్రపంచ ఆరోగ్య సంస్థ తన జీవన నాణ్యత పత్రాన్ని ఒక్క దేశంలో కాకుండా 15 కేంద్రాల్లో ఒకేసారి తయారు చేయించింది. వాటిలో ఢిల్లీ, మన పక్కనే ఉన్న మద్రాసు ఉన్నాయి. నిద్ర, ఓపిక, భక్తి విశ్వాసాలు కూడా ప్రశ్నల్లోకి వచ్చాయి. ముందు 100 ప్రశ్నలు, తర్వాత వాటిని కుదించి 26. మంచి అడుగే, అయినా ప్రశ్నలు అడిగేవాళ్ళవే!

దారి దొరికింది ఇంగ్లండులోనే టాంటన్ అనే చిన్న ఊరి వైద్యశాలలో. డాక్టర్ షార్లట్ పేటర్సన్ అక్కడ జనరల్ ప్రాక్టీషనర్. అదృష్టం కొద్దీ ఆ వైద్యశాలలో మామూలు డాక్టర్లు, ప్రత్యామ్నాయ చికిత్సలు చేసేవాళ్ళు ఒకే కప్పు కింద పనిచేసేవారు. ఇద్దరి రోగులకూ సరిపోయే కొలత కావాలి. ఆమె చేసిన పని వింటే ఇంతేనా అనిపిస్తుంది. ప్రశ్నను ఖాళీగా వదిలేసింది! మిమ్మల్ని ఎక్కువగా బాధిస్తున్నవి ఒకటో రెండో మీరే రాయండి. వాటివల్ల చేయలేకపోతున్న పని ఒకటి రాయండి. మొత్తమ్మీద ఈ వారం ఎలా ఉన్నారో చెప్పండి. ఒక్కోదానికి 0 నుంచి 6 దాకా మార్కు. 0 అంటే ఇంతకన్నా బాగుండటం కుదరదని, 6 అంటే ఇంతకన్నా అధ్వానం ఉండదని. కొన్ని వారాల తర్వాత అవే మాటలకు మళ్ళీ మార్కు వేయించాలి.

ఇంత చిన్న కాగితాన్ని ఎవరు నమ్ముతారు? అందుకే ఆమె దాన్ని ఎస్ఎఫ్-36 పక్కనే పెట్టి పరీక్షించింది. 1996లో 'బ్రిటిష్ మెడికల్ జర్నల్'లో ఫలితం వచ్చింది. రోగిలో వచ్చిన మార్పును 36 ప్రశ్నల పత్రం కన్నా ఈ కాగితమే బాగా పట్టుకుంది. దానికి పెట్టిన పేరు 'మైమాప్'.

పేటర్సన్ అక్కడితో ఆగలేదు. రోగులతో కూర్చుని మాట్లాడితే కొత్త సంగతి బయటపడింది. చాలామందికి నొప్పి తగ్గడమే కాదు, మింగే మాత్రలు తగ్గడం కూడా ముఖ్యమే. ఆయుర్వేదానికి వచ్చే మనవాళ్ళూ మొదట అనేది అదే కదా! దాంతో మందుల ప్రశ్న కూడా చేరింది. తర్వాత క్యాన్సర్ రోగుల కోసం 'మైకా' అనే తమ్ముడు పుట్టాడు. ఇందులో రోగి తన రెండు దిగుళ్ళు రాసుకుంటాడు. ఈమధ్య జీవితంలో ఇంకేం జరిగిందో, చికిత్సలో తనకు అన్నిటికన్నా ముఖ్యమనిపించింది ఏమిటో చివర్లో చెబుతాడు. 2007లో దీని గురించి వ్యాసం వెలువడింది. ఆ పత్రం రూపుదిద్దుకున్న చోట్లలో 1990లో అప్రతిష్ఠ పాలైన ఆ బ్రిస్టల్ కేంద్రం కూడా ఒకటి.

ఒక మాట మాత్రం చెప్పుకోవాలి. మార్కు 5 నుంచి 2కి దిగినంత మాత్రాన తైలమే తగ్గించిందని రుజువు కాదు. కాలం గడిచి తగ్గి ఉండవచ్చు, అవ్వను కొడుకు వచ్చి చూసుకోవడం వల్లా తగ్గి ఉండవచ్చు. కారణం తేలాలంటే పోలికకు ఇంకో గుంపు ఉండాల్సిందే.

మీరు యోగాకో, పంచకర్మకో, ప్రకృతి చికిత్సకో వెళ్తుంటే మొదటిరోజే ఓపీ చీటీ వెనక తేదీ వేసి మీ బాధ, చేయలేకపోతున్న పని, వాటి మార్కులు రాసుకోండి. నెల తర్వాత మళ్ళీ వేసి డాక్టరుకు చూపించండి. మార్కు తగ్గింది కదా అని షుగరు, బీపీ మాత్రలు మాత్రం సొంతంగా ఆపకండి.