ప్రమాదం దాటినా భయం వీడట్లేదా? 14416కు ఫోన్ చేయండి

కుప్పం పొలాల్లో ఏనుగుల దాడి కావొచ్చు, మదనపల్లె–పుంగనూరు దారిలో రోడ్డు ప్రమాదం కావొచ్చు. గాయం మానినా కొందరిని ఆ భయం వదలదు. మొదటి వారాల్లో నిద్ర పట్టకపోవడం, ఉలిక్కిపడటం సహజమే. చాలామందిలో క్రమంగా తగ్గుతాయి. నెల దాటినా పీడకలలు వస్తుంటే, ఆ దారిన వెళ్లడానికే జంకుతుంటే అది పీటీఎస్‌డీ కావొచ్చు.

మీ ఇంట్లో అలాంటివారుంటే ‘ఏం జరిగింది?’ అని పదేపదే అడగొద్దు. ‘మర్చిపో’ అని కొట్టిపారేయొద్దు. వారు చెప్పినప్పుడు వినండి. నిద్ర కోసం మద్యం అలవాటు కానివ్వొద్దు.

కేంద్రం 2022 అక్టోబరు 10న ప్రారంభించిన ‘టెలీ మానస్’ నంబరు 14416. 24 గంటలూ ఉచితం, తెలుగులోనే మాట్లాడొచ్చు. కుటుంబ సభ్యులూ ఫోన్ చేయొచ్చు. చనిపోతానంటుంటే మాత్రం నెల ఆగొద్దు. ఒంటరిగా వదలకుండా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి.