చెరువు కట్ట వెంట చరిత్ర: రామప్ప, గణపురం, కోటిలింగాల కాలిదారులు

కాకతీయుల రాజకీయ చరిత్రను, పాలనా విధానాన్ని ఇంతకుముందు పాఠాలలో చదివారు. ఈ వ్యాసంలో అదే చరిత్రను కాలినడకన పరిశీలిద్దాం. గోదావరిఖని, రామగుండం, మంథని, భూపాలపల్లి ప్రాంతాలలో ఉండి చదువుకుంటున్న విద్యార్థులకు ఒక సౌకర్యం ఉంది. పాఠ్యపుస్తకంలో పేరాలుగా కనిపించే విషయాలు వీరికి ఒక ఆదివారం ప్రయాణం దూరంలో రాళ్లుగా, కట్టలుగా, తూములుగా కనిపిస్తాయి. అయితే వాటిని చూసే పద్ధతి తెలియాలి. గుడి ముందు ఫొటో తీసుకుని తిరిగి వస్తే శిల్పం కనిపిస్తుంది కాని చరిత్ర కనిపించదు.

పాలంపేట గ్రామంలోని రుద్రేశ్వరాలయాన్నే మనం రామప్ప గుడి అంటున్నాం. దీనిని కట్టించినవాడు గణపతిదేవుని సేనాని రేచర్ల రుద్రుడు. ఆలయ ప్రాంగణంలో ప్రత్యేకంగా ఒక చిన్న మండపంలో నిలిచి ఉన్న శాసనం శక సంవత్సరం 1135, అంటే క్రీ.శ. 1213 నాటిది. గుడికి దగ్గరలోనే, మూడు వైపుల గుట్టలు, ఒక వైపు మట్టికట్టతో రామప్ప చెరువు ఉంది. మామూలుగా యాత్రికులు గుడి చూసి, తీరిక ఉంటే చెరువులో పడవ ఎక్కి వెళ్తారు. చరిత్ర విద్యార్థి ఈ వరుసను తిరగేయాలని నా సలహా. ముందు కట్ట ఎక్కి, తూము దగ్గర కొంతసేపు నిలబడి, మత్తడి వరకు నడిచి, కట్ట కింద పొలం గట్ల మీదుగా గుడికి చేరాలి. అప్పుడు గుడి అక్కడే ఎందుకు ఉన్నదన్న ప్రశ్నకు సగం జవాబు కాళ్లకే దొరుకుతుంది.

రేచర్ల రుద్రుడు, అతని కాలం

ఈ సేనాని మామూలు ఉద్యోగి కాడు. దేవగిరి యాదవులతో జరిగిన యుద్ధాలలో 1195 ప్రాంతంలో కాకతి రుద్రదేవుడు, ఆ తరువాత మూడేళ్లకే అతని తమ్ముడు మహాదేవుడు మరణించారు. మహాదేవుని కుమారుడైన గణపతిదేవుడు యాదవుల చేత చిక్కాడు. రాజు లేని ఆ సమయంలో సామంతులు తిరగబడకుండా రాజ్యాన్ని నిలబెట్టినవాడు రేచర్ల రుద్రుడు. గణపతిదేవుడు విడుదలై 1199లో రాజ్యానికి వచ్చి 1262 వరకు పాలించాడు. కనుక పాలంపేట నిర్మాణాలు ఒక గండం గడిచిన తరువాతి పదిహేనేళ్లలోపు వచ్చినవి. యుద్ధంలో నమ్మకంగా నిలిచిన సేనాని శాంతికాలంలో ఏం చేశాడు? అడవి అంచున ఒక ఊరు, గుడి, చెరువు నిర్మించాడు. తండ్రి కాటయ పేరున కాటేశ్వరాలయం కూడా ఈ ప్రాంగణంలోనే ఉంది. కామేశ్వరాలయం కూడా ఇక్కడిదే.

గుడి, చెరువు, ఊరు అనే ఈ మూడింటినీ కలిపి చూడాలి. చెరువు తవ్వించడం సప్తసంతానాలలో ఒకటిగా, పుత్రుని కనడంతో సమానమైన పుణ్యంగా ఆనాటివారు భావించారు. పుణ్యం మాట నిజమే కాని, దాని వెనుక లెక్క కూడా ఉంది. చెరువు కట్టించినవారికి, దానిని కాపాడేవారికి ఆ నీటి కింద సాగయ్యే భూమిలో పదోవంతును మాన్యంగా ఇచ్చే పద్ధతి ఉండేది. దీనినే దశబంధమాన్యం అన్నారు. కొత్త నీరు వస్తే కొత్త మాగాణి వస్తుంది. మాగాణి వస్తే పన్ను వస్తుంది, గుడికి నిత్యనైవేద్యం సాగుతుంది, అడవి అంచు మరికొంత దూరం జరుగుతుంది. అడవి అంచున ఉండి పోడు చేసుకునేవారి సంగతి ఏమయిందో శాసనాలు చెప్పవు. శాసనం వేయించినవాడు దానం చేసినవాడే కాబట్టి అతని మాటే మనకు మిగిలింది. చరిత్ర విద్యార్థి ఈ మౌనాన్ని కూడా ఒక ఆధారంగానే గుర్తుంచుకోవాలి.

ఇటువంటి చెరువులు ఒకటి రెండు కావు. పాకాల చెరువును కట్టించినవాడు గణపతిదేవుని అధికారి జగదాల ముమ్మడి. బయ్యారం చెరువును గణపతిదేవుని సోదరి మైలాంబ తవ్వించింది. ఆ చెరువు దగ్గరి శాసనమే కాకతీయుల తొలి వంశక్రమానికి మనకున్న ముఖ్యమైన ఆధారాలలో ఒకటి. ఒక విశేషం గమనించండి. బయ్యారం ఉన్నది ఇల్లెందు ప్రాంతంలో. 1871లో భూగర్భ శాస్త్రవేత్త విలియం కింగ్ బొగ్గును గుర్తించినదీ ఆ ఇల్లెందు పరిసరాలలోనే. 1889లో అక్కడ తవ్వకం మొదలైంది, 1920లో సింగరేణి కాలరీస్ కంపెనీ ఏర్పడింది. ఏడు వందల ఏళ్ల ఎడంతో ఒకే నేల మీద రెండు రకాల తవ్వకాలు జరిగాయి. ఒకటి నీటి కోసం, మరొకటి నిప్పు కోసం.

గుడి గురించి కొన్ని మాటలు

శిల్పకళ గురించి వేరే పాఠం ఉన్నందున ఇక్కడ క్లుప్తంగా చెప్తాను. నక్షత్రాకారపు ఎత్తైన పీఠం, ఎర్ర ఇసుకరాతి గోడలు, నల్లరాతిలో చెక్కిన మదనికలు, శిఖరానికి వాడిన తేలిక ఇటుకలు ప్రసిద్ధమైనవే. ఇటుకలు నీటిలో తేలడం అద్భుతం కాదు, ఇంజినీరింగు. శిఖరం బరువు తగ్గించడానికి గుల్లగా ఉండే ఇటుకను తయారు చేశారు. నటరాజ రామకృష్ణ పేరిణి నృత్యాన్ని పునరుద్ధరించినప్పుడు ఈ గుడి శిల్పాలను, జాయప సేనాని నృత్తరత్నావళిని ఆధారం చేసుకున్నారు.

రామప్ప అనేది శిల్పి పేరని, దేవుని పేరుతో కాక శిల్పి పేరుతో వెలసిన గుడి ఇదొక్కటేనని బస్సులో పక్కసీటు ప్రయాణికుడు కూడా చెప్తాడు. పరీక్షలో ఇది రాసేటప్పుడు "జనశ్రుతి" అన్న మాట తప్పక చేర్చండి. శాసనంలో శిల్పి పేరు లేదు. జనశ్రుతి అబద్ధమని దీని అర్థం కాదు. ఊరివారు ఒక పనివాని పేరును ఎనిమిది వందల ఏళ్లు గుర్తుంచుకున్నామని భావించడమే ఒక చారిత్రక విషయం. కాని శాసనాధారం వేరు, జనశ్రుతి వేరు.

పాలంపేట ఆలయాలను ఆధునిక పద్ధతిలో పరిశీలించి గ్రంథస్థం చేసినవారు నిజాం రాజ్య పురావస్తుశాఖ తొలి అధిపతి గులాం యాజ్దానీ. వారి గ్రంథం 1922లో వెలువడింది. గుడిని మాత్రమే వర్ణించి ఊరుకోక, ఆలయాలను చెరువుతో కలిపి చూడడం అందులోని విలువ. దాదాపు నూరేళ్ల తరువాత ప్రపంచం అదే మాట అన్నది. 2021 జులై 25న యునెస్కో ఈ ఆలయాన్ని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చినప్పుడు, గుట్టలు, అడవి, వాగులు, చెరువు, పరీవాహక ప్రాంతం, పంటపొలాలు అన్నీ ఆలయ నిర్మాణ భావనలో భాగమేనని పేర్కొన్నది. అంటే రామప్ప గుడి గోడ దగ్గర ముగియదు.

గణపురం కోటగుళ్లు

భూపాలపల్లికి చేరువలోని గణపురంలో ఇదే కథ మరో రూపంలో కనిపిస్తుంది. చెరువు పేరు గణపసముద్రం. ఊరికీ చెరువుకూ గణపతిదేవుని పేరే. మట్టికోట లోపల ఉన్నందున ఈ గుళ్లను జనం కోటగుళ్లు అంటారు. రాతి ప్రాకారం లోపల ప్రధానమైన గణపేశ్వరాలయంతో కలిపి మొత్తం 22 గుళ్లు చెప్తారు. చాలావరకు శిథిలమైనవే. కొన్నింటిలో విగ్రహాలు లేవు, కొన్నింటి పైకప్పు కుంగింది. రామప్పలో ఉన్న పచ్చిక, వెలుతురు ఏర్పాట్లు ఇక్కడ ఆశించవద్దు. నిజం చెప్పాలంటే ఒక చరిత్ర విద్యార్థికి రామప్ప కంటే ఇదే మంచి బడి. దూలం విరిగినచోట రాయిని రాయితో ఎలా కలిపారో లోపలి పని కనిపిస్తుంది.

ఇక్కడి నుంచి చూపు కొంచెం దూరం సారిస్తే చెల్పూరు దగ్గరి కాకతీయ థర్మల్ విద్యుత్ కేంద్రపు పొగగొట్టాలు కనిపిస్తాయి. భూపాలపల్లి గనుల పేర్లలో ఉన్న కేటీకే అనే మూడక్షరాలకు అర్థం కాకతీయ ఖని. గనికి, విద్యుత్ కేంద్రానికి రాజవంశం పేరు పెట్టుకున్నాం. ఆ వంశం కట్టిన గుడి మాత్రం పక్కనే పడిపోతూ ఉంది. గౌరవానికి పేరు పెట్టడం సులభమైన మార్గం, ఖర్చు తక్కువ.

రామప్ప పరిసరాలలో ఓపెన్‌కాస్ట్ తవ్వకం మాట వచ్చినప్పుడు పేలుళ్ల ప్రకంపనలు గుడికి ముప్పు కావచ్చునన్న ఆందోళన వెలువడింది. ఈ విషయంలో మనం ఏ పక్షం వహించినా ప్రశ్నను సరిగా అడగాలి. ప్రకంపన గుడి పునాది దాకా వస్తుందా అన్నది ఒక ప్రశ్న మాత్రమే. చెరువులోకి నీరు తెచ్చే గుట్టల వాలు, వాగుల దారి మారితే ఏమవుతుంది అన్నది రెండవ ప్రశ్న. గుడిని కాపాడి పరీవాహక ప్రాంతాన్ని పోగొడితే రుద్రుడు కట్టినదానిలో సగమే మిగులుతుంది. బొగ్గు మీద బతుకుతున్న కుటుంబాల నుంచి వచ్చిన విద్యార్థులకు ఈ ప్రశ్న బరువు ఎవరూ వివరించనక్కరలేదు.

కోటిలింగాల: కొత్త నీరు, పాత ఊరు

పై రెండుచోట్లా నీరు ఊరిని పెంచింది. రామగుండం వారికి దగ్గరలోనే దీనికి ఎదురు ఉదాహరణ ఉంది. గోదావరి, పెద్దవాగు కలిసేచోట ఉన్న కోటిలింగాలలో 1979 తరువాత రాష్ట్ర పురావస్తుశాఖ తరఫున వి.వి. కృష్ణశాస్త్రి ఆధ్వర్యంలో తవ్వకాలు జరిగాయి. గోబద, నారన, కంవాయసిరి, సమగోప అనే స్థానిక పాలకుల నాణేలు, శాతవాహన వంశ స్థాపకుడు చిముకుని నాణేలు ఇక్కడ లభించాయి. పి.వి. పరబ్రహ్మశాస్త్రి వీటిని పరిష్కరించి ప్రకటించిన తరువాత శాతవాహనుల తొలి చరిత్రపై చర్చ కొత్త మలుపు తిరిగింది. తెలంగాణకు రాజ్యవ్యవస్థ బయటినుంచి వచ్చిందన్న అభిప్రాయం బలహీనపడింది.

ఆ తరువాత గోదావరిపై శ్రీపాద ఎల్లంపల్లి జలాశయం వచ్చింది. దాని సామర్థ్యం సుమారు 20 టీఎంసీలు. ఆ నీరు పొలాలకు, పరిశ్రమలకు, హైదరాబాదు ఇళ్లకు పోతున్నది. దాని వెనుకజలాలు కోటిలింగాల దిబ్బ దాకా వచ్చాయి. తవ్వకుండా మిగిలిన పొరలలో ఏమి ఉన్నదో నీటి అంచున నడిచేవానికి పెంకుల రూపంలో కొద్దికొద్దిగా కనిపిస్తుంది. నీరు తగ్గినప్పుడల్లా మట్టి కొంత కరిగి పోతుంది.

క్షేత్ర పర్యటనకు వెళ్లేవారికి

గోదావరిఖని నుంచి మంథని, కాటారం, భూపాలపల్లి మీదుగా వెళ్తే గణపురం, పాలంపేట ఒకే రోజులో చూడవచ్చు. ప్లేడే వృథా పోదు. నడిచేటప్పుడు ఒక నోటుపుస్తకంలో రేఖాపటం గీయండి. కట్ట ఎటు నుంచి ఎటు ఉంది, తూము ఎక్కడ, మత్తడి ఎక్కడ, శిథిలాలు కట్టకు పైన ఉన్నాయా కింద ఉన్నాయా అన్నవి గుర్తించండి. దూరాన్ని అంగలతో కొలిచినా చాలు. కట్ట కింద పొలంలో పనిచేస్తున్నవారిని, దొరికితే ఊరి నీరటిని, ఏ కాలువకు ఏ పేరున్నదో అడగండి. ఆ పేర్లు ఏ శాసనంలోనూ ఉండవు. దేవాదుల ఎత్తిపోతల నీరు ఇప్పుడు రామప్ప చెరువుకు చేరుతున్నందున పాత నీటిమట్టం గురించి పెద్దవారినే అడగవలసి ఉంటుంది.

పడిపోయిన రాయిని కదిలించవద్దు. నిధుల కోసం తవ్విన గుంట కనిపిస్తే అది ఎక్కడ ఉన్నదో రాసుకోండి. అక్షరాలున్న రాయి కనిపిస్తే సుద్ద, రంగు, పసుపు పూసి చదివే ప్రయత్నం చేయవద్దు. ఏటవాలు ఎండలో, ఉదయం ఎనిమిదికి ముందు గాని సాయంత్రం అయిదు తరువాత గాని, పక్కనుంచి ఫొటో తీస్తే అక్షరాలు నీడతో పైకి తేలుతాయి. ఆ ఫొటోతోపాటు ఊరు, సర్వే నంబరు రాసి పురావస్తుశాఖకు పంపండి. ఒక ప్రతిని మీ అధ్యయన కేంద్రంలో ఇవ్వండి.